విమానం మీద హైదరాబాదు పేరు

మంగళగిరిలో కృష్ణదేవరాయల కాలంనాటి శాసన స్తంభం ఒకటి ఉన్నది. సాళువ తిమ్మరుసు మంత్రి గజపతుల చేతిలోనుంచి కొండవీటి కోటను పట్టుకున్న సంగతి తిథివారాలతో సహా దానిమీద చెక్కారు. ఆ తిథి 1515 జూన్ 23 అవుతుందని శాసన పరిశోధకులు లెక్కకట్టారు. ఎవరు గెలిచిందీ, ఎవరు ఓడిందీ, దేవుడికి ఏమి సమర్పించిందీ ఆ రాయి చెబుతుంది. ముట్టడి సాగినన్నాళ్ళు కొండవీటి చుట్టుపట్ల పల్లెల గతి ఏమైనదో, సైన్యాలు తిన్న ధాన్యం ఎవరి గాదెల్లోదో చెప్పదు. చెప్పడం దాని పని కాదు. విజయస్తంభం ఎత్తించినవాడు తనకు కావలసిన మాటలే చెక్కిస్తాడు. కనుక చరిత్ర విద్యార్థి అటువంటి రాతిని రెండు తడవలు చదవవలసి ఉంటుంది. మొదట ఉన్న అక్షరాలను, తరువాత లేనివాటిని.

ఇరవయ్యవ శతాబ్దంలో ఇట్లా రాళ్ళకెక్కిన కొత్త వీరుడు బాంబరు విమానపు పైలట్. పాత వీరుడు తాను చంపేవాడి ముఖం చూసేవాడు. మన పల్నాటి వీరగల్లుల మీద కత్తి, డాలు, ఎదురుగా శత్రువు, ముగ్గురూ ఒకే బండమీద ఉంటారు. బాంబరు పైలట్ స్మారకంలో విమానం ఉంటుంది, పతకాల పేర్లు ఉంటవి. కింద ఉన్న ఊరు ఉండదు. ఐరోపా రోడ్ల పక్కన ఇటువంటివి లెక్కలేనన్ని ఉన్నవి. వాటన్నిటినీ ఒకే గాటన కట్టి, సామ్రాజ్యవాదుల ఆడంబరమని తోసివేయడం సులభం. కాని అది చరిత్ర కాదు.

నెదర్లాండ్సులో స్టీన్‌బర్గెన్ అనే చిన్న పట్టణం ఉన్నది. 1944 సెప్టెంబరు 19 రాత్రి గయ్ గిబ్సన్ అనే బ్రిటిష్ పైలట్ నడుపుతున్న మస్కిటో విమానం అక్కడ కూలింది. అతనికి 26 ఏళ్ళు. బ్రిటిష్ సైన్యంలో అన్నిటికంటె పెద్ద పతకం విక్టోరియా క్రాస్. అది అప్పటికే అతనికి వచ్చింది. అతనితోపాటు నావిగేటర్ వార్విక్ కూడా చనిపోయాడు. ఆ ఊరివారు ఇద్దరికీ సమాధులు కట్టుకున్నారు, వీధులకు వారి పేర్లు పెట్టుకున్నారు. వారిచేత ఈ పని ఏ రాజూ చేయించలేదు. నాజీ బూటు కింద నాలుగేళ్ళు నలిగిన జనం, తమ ఆకాశంలో తమ పక్షాన చచ్చినవాడిని తమవాడనుకున్నారు. దీనిని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

అయితే గిబ్సన్‌కు పతకం వచ్చిన పని ఏమిటి? 1943 మే నెలలో జర్మనీలోని రూర్ పరిశ్రమలకు నీరందించే ఆనకట్టలను బద్దలుకొట్టిన దాడికి అతడు నాయకుడు. ఆ వరదలో సుమారు 1,300 మంది మునిగి చనిపోయారు. వారిలో సగానికి పైగా జర్మనులే కారు. నాజీలు ఆక్రమిత దేశాలనుంచి పట్టితెచ్చి శిబిరాల్లో పెట్టిన వెట్టి కార్మికులు, యుద్ధఖైదీలు. సోవియట్ భూమినుంచి తెచ్చిన ఆడవాళ్ళు వారిలో ఎక్కువ. వెట్టి అనే మాట తెలిసిన మనవంటి వారికి ఈ వివరం మరికొంచెం గట్టిగా తగులుతుంది. స్టీన్‌బర్గెన్ ప్రజల కృతజ్ఞతా నిజమే, ఆ శిబిరాల స్త్రీల చావూ నిజమే. ఒక నిజం రెండవదానిని కొట్టివేయదు.

లండన్ సంగతి వేరు. అక్కడ స్ట్రాండ్ వీధిలో చర్చి ముందు 1992 మేలో బాంబరు దళాధిపతి ఆర్థర్ హారిస్ విగ్రహాన్ని నిలిపారు. రాజమాత వచ్చి ముసుగు తీసింది. జనంలో కొందరు అక్కడే నిరసన తెలిపారు. తరువాత విగ్రహం మీద రంగు పోశారు, కాపలా పెట్టవలసివచ్చింది. 1943 జూలైలో హాంబర్గులో సుమారు 40 వేలమంది, 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్‌లో సుమారు 25 వేలమంది ఈ దళాల బాంబులకు బలి అయ్యారు. ఆ దళంలో చేరినవారిలో కూడా 55 వేలకు పైగా కుర్రవాళ్ళు చచ్చిపోయారన్నది మరువరాదు. ఆ కుర్రవాళ్ళందరికీ కలిపి లండన్‌లో పెద్ద స్మారకం 2012లో గాని లేవలేదు. సేనాధిపతి విగ్రహం ఇరవై ఏళ్ళు ముందు లేచింది. ఈ వరస ఎక్కడైనా ఇంతే.

ఇదంతా పరాయిదేశపు గొడవ, మనకెందుకు అని అడిగే విద్యార్థులు ఉంటారు. జవాబు లండన్‌లోనే హెండన్ అనే చోట, బ్రిటిష్ వైమానిక దళపు మ్యూజియంలో ఉన్నది. అక్కడ 1918 నాటి డి.హెచ్. 9ఎ అనే బాంబరు విమానం ఒకటి నిలబెట్టారు. దాని పక్కమీద హైదరాబాదు పేరు, 12ఎ అనే సంఖ్య రాసి ఉన్నవి. నిజాం ప్రభువు బహూకరించినది అని కూడా రాసి ఉన్నది.

కథ ఇది. మొదటి ప్రపంచయుద్ధంలో మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిషు వారికి ధనరూపంలో, మనుషుల రూపంలో చేసిన సహాయాల్లో ఒక పూర్తి బాంబరు స్క్వాడ్రన్‌కు కావలసిన విమానాలు కూడా చేరినవి. ఆ స్క్వాడ్రన్ సంఖ్య 110. 1917 నవంబరులో అది ఏర్పడింది. దాత పేరును గౌరవించి దానికి హైదరాబాదు స్క్వాడ్రన్ అని నామకరణం చేశారు. 1918 సెప్టెంబరులో అది ఫ్రాన్సు చేరింది. అక్కడినుంచి పట్టపగలు జర్మనీలోపలికి పోయి మాన్‌హైం, ఫ్రాంక్‌ఫర్టు వంటి పారిశ్రామిక నగరాల మీద బాంబులు వేసింది. రెండు నెలల్లో అది పోగొట్టుకున్న విమానాలు శత్రువు చేతిలో 17, ప్రమాదాల్లో 28. అన్నీ కలిపి అది వేసిన బాంబుల బరువు పదిన్నర టన్నులు. లెక్కవేసి చూస్తే పదిన్నర టన్నుల బాంబులకు నలభైఅయిదు విమానాలు ఖర్చు! దేశపు ఖజానాతో వ్యాపారం చేసేవాడు ఎవడూ ఇటువంటి బేరం చేయడు. కాని నిజాం ప్రభువు కొన్నది బాంబులను కాదు. 1918లోనే ఆయనకు ఇతర సంస్థానాధీశులెవరికీ లేని ‘ఎగ్జాల్టెడ్ హైనెస్’ బిరుదు వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వానికి విశ్వాసపాత్రుడైన మిత్రుడనే మాట కూడా పేరు వెనుక చేరింది.

ఆ హెండన్ విమానాన్ని నడిపినవాడు కెప్టెన్ ఇంగ్లిస్, వెనుక సీటులో బాడ్లీ. 1918 అక్టోబరు 5న జర్మనీ మీదికి పోయినప్పుడు దెబ్బతిని దిగిపోయారు, ఖైదీలయ్యారు. విమానాన్ని జర్మనులు బెర్లిన్ మ్యూజియంలో యుద్ధచిహ్నంగా పెట్టుకున్నారు. రెండవ యుద్ధం తరువాత అది పోలెండులోని క్రాకోవ్‌లో తేలింది. 1977లో బ్రిటిషువారు ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని పోలెండుకిచ్చి దానికి బదులు దీనిని తెచ్చుకున్నారు. రెక్కలు కట్టి, గుడ్డ తొడిగి, రంగులు వేసి, హైదరాబాదు అక్షరాలు తిరిగి రాసి, 1983లో ప్రదర్శనకు పెట్టారు. ఓడినవాడి ముద్రగా బెర్లిన్‌లో ఉన్నదే, గెలిచినవాడి గుర్తుగా లండన్‌లో నిలిచింది. నాలుగు దేశాలు చూసిన ఆ విమానం హైదరాబాదును మాత్రం ఎన్నడూ చూడలేదు.

డబ్బు ఎవరిదన్న ప్రశ్నకు ఇప్పుడు రావాలి. హైదరాబాదు రాజ్యపు భూమిలో సుమారు పదోవంతు సర్ఫెఖాస్, అనగా నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన భూమి. మూడుపదులవంతు జాగీర్దారులది. మిగిలినది దివానీ. ఏ పేరున పిలిచినా దున్నినవాడొక్కడే. అతడు పన్ను కట్టేవాడు, లెవీ ధాన్యం కొలిచేవాడు, పైగా దొర ఇంట వెట్టి చేసేవాడు. మాడపాటి హనుమంతరావుగారు, వారి మిత్రులు 1921లో ఆంధ్ర జనసంఘం పెట్టి తరువాత వెట్టిచాకిరీ మీద కరపత్రాలు వేయవలసివచ్చిందంటే, విమానాలు బహూకరించిన రోజుల్లో పల్లె స్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. 1918లోనే ఇన్‌ఫ్లుయెంజా ఈ దేశంలో కోటికి పైగా జనాన్ని తీసుకుపోయింది. మందులేని పల్లెల పన్నుతో, తాము పేరైనా వినని ఫ్రాంక్‌ఫర్టు మీద బాంబులు పడినవి. బహూకరించినవాడి పేరు విమానం మీద ఉన్నది. ఖర్చు భరించినవాడి పేరు పట్వారీ లెక్కల్లో ఉన్నది.

ఆ విమానాల జాతికి యుద్ధం తరువాత మరొక ఉద్యోగం దొరికింది. 1920లలో డి.హెచ్. 9ఎ విమానాలను ఇరాక్‌లోనూ, మన వాయవ్య సరిహద్దులోనూ విరివిగా వాడారు. తిరగబడిన గ్రామాల మీద, పశువుల మందల మీద బాంబులు వేసి లొంగదీయడం చవక పద్ధతి అని బ్రిటిషు ప్రభుత్వం కనిపెట్టింది. ఈ పనికి వారు పెట్టిన పేరు ఆకాశంనుంచి పోలీసు పని. 1922లో ఇరాక్‌లో 45వ స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించినవాడు, లండన్ విగ్రహంగా మనం ఇంతకుముందు చూసిన ఆర్థర్ హారిస్. అనగా హాంబర్గు పాఠం హాంబర్గులో మొదలుకాలేదు. ఆసియా పల్లెల మీద అభ్యాసం చేసిన తరువాతనే అది ఐరోపా నగరాలకు చేరింది. ఐరోపా చరిత్రకారులు చాలాకాలం ఈ మొదటి అధ్యాయాన్ని తేలికగా దాటిపోయారు.

1939 సెప్టెంబరు 4. యుద్ధం ప్రకటించిన మరునాడు. హైదరాబాదు పేరు మోసే ఆ 110వ స్క్వాడ్రన్ మళ్ళీ చరిత్రలోకి వచ్చింది. ఈసారి దానివద్ద ఉన్నవి బ్లెన్‌హైం బాంబర్లు. మూడు స్క్వాడ్రన్లనుంచి అయిదేసి చొప్పున పదిహేను విమానాలు జర్మన్ నౌకాదళం మీదికి బయలుదేరినవి. విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవు వైపు 110వ స్క్వాడ్రన్ అయిదింటికీ ముందు నడిచినవాడు కెనెత్ డోరాన్. మబ్బులు బాగా కిందికి దిగి ఉండగా, ఓడల స్తంభాలంత ఎత్తున పోయి అడ్మిరల్ షేర్ అనే యుద్ధనౌక మీద బాంబులు వేశారు. గురి తప్పలేదు. కాని బాంబులు పేలలేదు! వెనుక వచ్చిన 107వ స్క్వాడ్రన్ అయిదింటిలో నాలుగు కూలినవి. మూడవ స్క్వాడ్రన్‌కు లక్ష్యమే దొరకలేదు. ఆ యుద్ధంలో వైమానికులకు ఇచ్చిన మొదటి రెండు డి.ఎఫ్.సి. పతకాలలో ఒకటి డోరాన్‌కు వచ్చింది. రెండవది, ముందునాడు జర్మన్ తీరం మీదికి పోయి ఓడల జాడ తీసిన మెక్‌ఫర్సన్‌కు. ఏడాది తిరగకముందే మెక్‌ఫర్సన్ చనిపోయాడు. డోరాన్ 1940 ఏప్రిల్ 30న నార్వే వద్ద కూలి, మిగిలిన యుద్ధమంతా ఖైదులో గడిపాడు.

ఆ మనిషి సాహసాన్ని శంకించనవసరం లేదు. అప్పటికి ఆ దళాలకున్న ఆజ్ఞ కూడా చూడాలి: ఓడల మీద తప్ప వేయకూడదు, పౌరులకు హాని రాకూడదు. మూడేళ్ళు తిరగకముందే, 1942 ఫిబ్రవరిలో, నగరాలకు నగరాలనే లక్ష్యం చేయమన్న ఆజ్ఞ వచ్చింది. ఈ మార్పును పైలట్ గుణంనుంచి వివరించలేము. యుద్ధాన్ని నడిపే ప్రభుత్వాల లెక్కలనుంచే వివరించాలి. అందుకే ఒక పైలట్‌ను రాక్షసుడనడమూ, దేవుడనడమూ రెండూ సోమరితనమే.

ఇక కృష్ణా డెల్టాకు వద్దాము. బెజవాడ, గుంటూరు, మంగళగిరి అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేవి. ఇక్కడ నిజాం లేడుగాని యుద్ధనిధి ఉన్నది. మద్రాసు రాజధాని చందాల పేరుమీదుగా బ్రిటిష్ వైమానిక దళంలో 79, 234, 264 అనే మూడు స్క్వాడ్రన్లకు మద్రాసు ప్రెసిడెన్సీ అనే పేరు తగిలించారు. ఒక స్పిట్‌ఫైర్ ఖరీదు అయిదువేల పౌన్లు అని ఆనాడు ప్రకటించేవారు. రూపాయికి పద్దెనిమిది పెన్నీల మారకంలో అది 66 వేల రూపాయలు దాటుతుంది. ఈ చందాలు జమీందారులూ షావుకార్లూ ఇచ్చినప్పుడు బిరుదుల కోసం ఇచ్చారు. రైతు ఇచ్చినప్పుడు వసూలుకు వచ్చినవాడి మొహం చూసి ఇచ్చాడు.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినవి. అంతవరకు పత్రికల్లో చదివిన బాంబరు కోస్తా ఆకాశంలో కనిపించింది. గన్నవరంలో సైనిక విమానాశ్రయం లేచింది ఆ యుద్ధకాలంలోనే. ఆ సంవత్సరమే ఆగస్టు 12న తెనాలిలో క్విట్ ఇండియా ఉద్యమకారుల మీద పోలీసులు తుపాకులు పేల్చారు. ఏడుగురు నేలకొరిగారు. ఆ చోటిని ఈనాటికీ రణరంగ చౌక్ అంటారు, ఏడు స్తంభాలు అక్కడ నిలబడి ఉన్నవి. మంగళగిరినుంచి దుగ్గిరాల మీదుగా తెనాలి పోయే దారి బస్సులో గంట ప్రయాణం. అదే తెనాలిలో, ఆరు నెలలు తిరిగేసరికి, 1943 ఫిబ్రవరిలో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది. తాపీ ధర్మారావుగారు అధ్యక్షులు. సభ దృష్టిలో ఫాసిజం మానవజాతికి మొదటి శత్రువు.

ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూడడానికి మనలో చాలామంది ఇష్టపడరు. ఒకటి కాంగ్రెసువారి చరిత్రలోనూ, రెండవది మనవారి చరిత్రలోనూ విడివిడిగా హాయిగా ఉన్నవి. ఆరు నెలల ఎడంలో, ఒకే ఊళ్ళో జరిగినవాటిని ఇట్లా వేరువేరు గదుల్లో పెట్టడం చరిత్రకు న్యాయం కాదు. 1941 జూన్ 22న హిట్లరు సోవియట్ యూనియన్ మీద పడిన తరువాత ఇది ప్రజాయుద్ధం అన్న నిర్ణయం ప్రపంచ దృష్టితో చూస్తే సరియైనదే. హిట్లరు గెలిచి ఉంటే ఆసియాకుగాని ఐరోపాకుగాని స్వాతంత్ర్యం అనే మాట మిగిలేదికాదు. కాని ప్రపంచం మీద గురిపెట్టిన కన్ను తెనాలి వీధిని చూడలేకపోయింది. ఫాసిజం మీద పోరాడుతున్న ప్రభుత్వం, స్వాతంత్ర్యం అడిగిన ఏడుగురిని కాల్చింది. బెంగాలు 1943 కరువులో సుమారు 30 లక్షలమంది చచ్చిపోతుంటే ఆ ప్రభుత్వమే యుద్ధానికి కావలసిన పడవల, బియ్యపు లెక్కలు చూసుకున్నది. యుద్ధలక్ష్యం ఒకటి, యుద్ధం నడిపినవాడి స్వభావం ఒకటి. వీటిని కలిపివేసినవారు కుడివైపునా ఉన్నారు, ఎడమవైపునా ఉన్నారు. స్టీన్‌బర్గెన్ పట్టణంలో గిబ్సన్ పేరుగల వీధికి ఉన్న హక్కును ఒప్పుకోవడానికి, తెనాలి ఏడు స్తంభాలను మరువవలసిన అవసరం లేదు. ఇంత చిన్నమాట చెప్పడానికి మనకు ఎన్ని దశాబ్దాలు పట్టినవో!

ప్రజాయుద్ధం ముగిసినప్పుడు ఏమైనది? జపాను లొంగిపోయినట్లు ప్రకటించిన తరువాత కూడా బర్మా అడవుల్లో ఆయుధాలు దించని దళాల మీద 1945 ఆగస్టు 20న బాంబులు వేసినది, మళ్ళీ మన 110వ హైదరాబాదు స్క్వాడ్రనే. మొదటిరోజుల దాడిలోనూ, ఆఖరు దాడిలోనూ తామే ఉన్నామని ఆ స్క్వాడ్రన్‌వారు గర్వంగా చెప్పుకున్నారు. ఆ నవంబరులో జావాలోని సురబయ నగరం, స్వతంత్రమని ప్రకటించుకున్న ఇండోనేషియన్ల నగరం, బ్రిటిష్ విమానాల బాంబులకు గురి అయ్యింది. ఫాసిజం ఓడి మూడు నెలలైనా కాలేదు. నేల మీద నడిచి ఆ నగరాన్ని పట్టుకున్న సైన్యంలో అత్యధికులు మన భారతీయ సిపాయిలే.

నిజాం కథకు ముగింపు చిత్రమైనది. రెండవ యుద్ధంలో కూడా బ్రిటిషు వైమానిక దళంలో 152, 253 స్క్వాడ్రన్లు హైదరాబాదు పేరు మోసినవి. సముద్రం మీద ఒక యుద్ధనౌకకు నిజాం అనే పేరే పెట్టారు; ఆస్ట్రేలియా నావికులు దానిని నడిపారు. ఇన్ని రెక్కలు దానం చేసిన రాజుకు 1948లో తన ఆకాశాన్ని కాపాడుకోవడానికి ఒక్క యుద్ధవిమానం లేకపోయింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానచోదకుడు, పాత లాంకాస్టర్ బాంబరు నమూనానుంచి పుట్టిన లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీనుంచి రాత్రివేళ దొంగచాటుగా తుపాకులు తెచ్చి, బీదరులోనూ వరంగల్లులోనూ దించాడు. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, పైన టెంపెస్టు విమానాలు వచ్చినవి. 17న అంతా ముగిసింది. విశ్వాసపాత్రుడైన మిత్రుడి కోసం లండన్‌నుంచి ఒక్క విమానం ఎగరలేదు.

ఆ సైన్యమే తరువాత తెలంగాణా రైతుమీదికి తిరిగింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య పడిపోయిననాటినుంచి 1951 అక్టోబరులో పోరాటం విరమించేవరకు నాలుగువేలమంది చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్యగారు లెక్క ఇచ్చారు. నల్లగొండ, వరంగల్లు జిల్లాల రోడ్ల పక్కన కనిపించే ఎర్ర స్థూపాలు వారివి. ఏ సర్కారూ కట్టించలేదు. ఊళ్ళో చందా వేసుకుని, తాపీమేస్త్రి చేతికి పేర్ల కాగితం ఇచ్చి కట్టించుకున్నవి. వాటిమీది పేర్లలో అక్షరదోషాలు ఉంటవి. విద్యార్థులు వాటిని చూసి నవ్వుతారు. నవ్వేముందు, ఆ పేరుగల మనిషికి తన పేరు రాయడం వచ్చునా అని ఆలోచిస్తే మంచిది.

1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసిపోయినది. 1956లో రాష్ట్రంగా కూడా లేకుండా పోయినది. 110వ స్క్వాడ్రన్ మాత్రం హైదరాబాదు పేరు వదలలేదు. సరిగా నిజాం పడిపోయిన సంవత్సరమే, 1948 జూన్‌లో, మలయాలో బ్రిటిషువారు అత్యవసర పరిస్థితి ప్రకటించి కమ్యూనిస్టు గెరిల్లాల మీద యుద్ధం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో 110వ స్క్వాడ్రన్ అక్కడే ఉన్నది. బాంబర్లు పోయి డకోటా రవాణా విమానాలు వచ్చినవి. అడవిలో గెరిల్లాల వెంట పడుతున్న సైనికులకు తిండి, మందుగుండు పైనుంచి జారవిడవడం దాని పని. ఆ అడవుల అంచున రబ్బరు తోటల్లో పాలు గీసేవారిలో విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాలనుంచి ఓడలెక్కి పోయిన తెలుగు కూలీలు ఉన్నారు. తలమీదుగా పోయే ఆ విమానాల దళానికి హైదరాబాదు అనే పేరున్నదని వారికి ఎవరూ చెప్పి ఉండరు. ఆ పేరు 1971 ఫిబ్రవరి 15న సింగపూరులో, స్క్వాడ్రన్‌ను రద్దుచేసిన రోజున ఆకాశంనుంచి దిగింది.